పటంలో బీడు, పొలంలో బతుకు

"కంప్యూటర్‌లో బీడు అని చూపిస్తా ఉంది. నువ్వేమో పొలం అంటావు. ఏది నమ్మాల?"

భూమి పని మీద ఆఫీసుకు పోయిన రైతుకు ఇప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒకప్పుడు కరణం దప్తరం విప్పి చదివిందే వేదం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. దప్తరం పోయి తెర వచ్చింది. ఆఫీసు మాటకు తిరుగు లేకపోవడం మాత్రం పోలేదు. కరణంతోనైనా రచ్చకట్ట మీద నిలబడి వాదించే వీలుండేది. తెరతో ఎట్లా వాదించాలి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైతులకు ఇది దూరపు సంగతి కాదు. బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన భూమికి గిరాకీ ఉంది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా కార్ల కర్మాగారం ఖాయమయ్యాక ఆ గిరాకీ ఇంకా పెరిగింది. పరిశ్రమలకు, సోలార్ పలకలకు, గాలిమరలకు భూమి వెతికే పని ఇప్పుడు కాలినడకన మొదలు కావడం లేదు. తెర మీద మొదలవుతోంది. ఏ భూమి ఖాళీగా ఉంది, ఏ వంక లెక్కలోకి రాదు అని ముందు పటం చెబుతుంది. జీపు తర్వాత వస్తుంది. జీపు వచ్చిన రోజు మనం మేలుకుంటే అప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది.

మన వాదన ఒక్కటే. ఉపగ్రహ పటాలు మనకు కావాలి. కానీ ఊరు సరిచూడని పటం భూమి మీద తీర్పు కాకూడదు.

పొరలు ఎవరు వేస్తున్నారు?

భౌగోళిక సమాచార వ్యవస్థ, ఆఫీసు భాషలో జీఐఎస్, బ్రహ్మవిద్య ఏమీ కాదు. మన ఊరి సర్వే నంబర్ల హద్దులు ఒక పలుచని కాగితం మీద దించుకోండి. రెండో కాగితం మీద వంకలు, కుంటలు, చెరువులు గీయండి. మూడో దాని మీద నేల రకం, నాలుగో దాని మీద బోర్లలో నీటిమట్టం, ఐదో దాని మీద పంటలు వేయండి. అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఏ సర్వే నంబరు గుండా వంక పారుతుందో, ఎక్కడ కట్ట వేస్తే ఎవరి బోరుకు నీళ్లు ఊరతాయో కనబడుతుంది. ఇదే పని కంప్యూటర్ చేస్తే దాని పేరు జీఐఎస్. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు అందిస్తుంది. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ పోర్టల్‌లో చాలా పటాలను మన ఫోన్‌లోనే చూడొచ్చు.

అయితే ఏ కాగితం పరచాలో, ఏది వదిలేయాలో కంప్యూటర్ నిర్ణయించదు, మనిషి నిర్ణయిస్తాడు. వంకకు పొర ఉంటుంది, గొర్రెల దారికి ఉండదు. పట్టాదారుకు పొర ఉంటుంది, కౌలుదారుకు ఉండదు. చెరువుకు పొర ఉంటుంది, ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వాలు పొలాలకు రక్షణ ఉండదు. పొరలో లేనిది పటంలో ఉండదు. పటంలో లేనిది నివేదికలో ఉండదు. నివేదికలో లేనివాడికి పరిహారం రాదు.

ఐదున్నర ఎకరాల కింద అందరూ మాయం

ఒక చిన్న లెక్క చూద్దాం. భూవినియోగ పటాలు, కేంద్రం 2000 నుంచి ప్రచురిస్తున్న బంజరు భూముల అట్లాసు ఎక్కువగా 1:50,000 స్కేలులో తయారైనవి. పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఆ స్కేలులో సాధారణంగా మూడు మిల్లీమీటర్ల చదరం కన్నా చిన్న ముక్కను విడిగా గీయరు. మూడు మిల్లీమీటర్లంటే 150 మీటర్లు. 150 మీటర్ల చదరం అంటే 2.25 హెక్టార్లు, అంటే ఐదున్నర ఎకరాలు.

సన్నకారు రైతు అంటే రెండున్నర ఎకరాల లోపు, చిన్న రైతు అంటే ఐదెకరాల లోపు. రాష్ట్రంలో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 0.94 హెక్టార్లు. అంటే ఆ పటం గీసే అతి చిన్న ముక్కలో మన చిన్న రైతు భూమి మొత్తం మునిగిపోతుంది. చుట్టూ గుట్ట, పొదలు ఉండి మధ్యలో మూడెకరాల కంది చేను ఉంటే, ఆ చేను కూడా పొదల భూమి కిందకే పోతుంది. ఇందులో ఎవరి కుట్రా అవసరం లేదు. స్కేలే ఆ పని చేసి పెడుతుంది.

ఎక్కువగా వాడిన ఉపగ్రహ చిత్రాల్లో ఒక రకం, లిస్-3, ఒక్కో చుక్కలో 23.5 మీటర్ల చదరాన్ని చూస్తుంది. అది దాదాపు పదమూడున్నర సెంట్లు. మీ బావి, పక్కనున్న చింతచెట్టు, గొర్రెల దొడ్డి, మళ్లో టమాటా, అన్నీ కలిసి ఒకే రంగు చుక్క. ఇంతకన్నా నిశితమైన చిత్రాలు లేవా అంటే ఉన్నాయి. లిస్-4 చుక్క 5.8 మీటర్లు, కార్టోశాట్ చిత్రాలు ఇంకా సన్నగా చూస్తాయి. మరి మా భూమిని బీడు అని రాసినప్పుడు ఏ చిత్రం వాడారు, ఏ స్కేలులో చూశారు? ఈ ప్రశ్న అడిగే హక్కు రైతుకు ఉండాలి. జవాబు పటం మూలనే తెలుగులో రాసి ఉండాలి.

చుక్కల బాధ మనకు కొత్త కాదు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు తేలని చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల తాతల కాలం నుంచి సాగులో ఉన్నవాళ్లు భూమి అమ్ముకోలేక, అప్పు పుట్టక తిరిగారు. 2017లో చుక్కల భూముల కోసం ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఒక గుమస్తా కలం కొసన జారిన చుక్కలు మూడు తరాలను ఏడిపించాయి. ఈనాటి తెర మీది చుక్కలను ఇప్పుడే సరిచూసుకోకపోతే మన మనవళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఏ నెలలో తీసిన ఫోటో?

మన దగ్గర ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. వేరుశనగ, కంది, కొర్ర, సజ్జ, ఏది వేసినా వాన కోసం ఎదురుచూసి వేసేదే. పైరు పచ్చగా ఉండే ఖరీఫ్ నెలల్లో ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. మామూలు ఉపగ్రహ కెమెరాకు మబ్బు అడ్డం. అందుకే చాలాసార్లు స్పష్టమైన చిత్రం దొరికేది పంట కోశాక, ఎండాకాలం దగ్గర పడ్డాక. ఫిబ్రవరిలోనో మార్చిలోనో పైనుంచి చూస్తే పెనుకొండ చుట్టుపక్కల మెట్ట పొలానికీ బీడుకూ తేడా ఎంత? వానలు ఎగ్గొట్టిన ఏడాదిలో అసలు విత్తనమే పడదు. కరువు వల్ల బీడు పడిన పొలాన్ని పట్టుకుని ఇది పుట్టు బీడు అని రాసుకుంటే, కరువుకు ఒకసారి, పటానికి ఒకసారి రైతు రెండుసార్లు నష్టపోతాడు.

మూడు కాలాల చిత్రాలు, వరుసగా కొన్నేళ్ల చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలని ఈ శాస్త్రం చదివినవాళ్లే చెబుతారు. నేల మీదికి పోయి సరిచూడాలనీ వాళ్లే చెబుతారు. మన గొడవ శాస్త్రంతో కాదు. శాస్త్రం చెప్పిన సగం పని చేసి, మిగతా సగం ఎగ్గొట్టి, పేరు మాత్రం శాస్త్రానిది వాడుకునే పద్ధతితో.

బీడు అన్న మాటకు వెల ఉంది

బంజరు భూముల వర్గీకరణలో ఇప్పుడు 23 రకాలు ఉన్నాయి. పొదలున్న భూమి, రాతినేల, పాడైన పచ్చిక బయలు ఇలా. వాటిలో గొర్రెలు మేసే గుట్ట ఉంది. సీతాఫలం ఏరుకునే బోడు ఉంది. చెరువులోకి నీళ్లు దింపే వాలు ఉంది. హిందూపురం మార్కెట్‌కు చింతపండు తెచ్చే మనిషిని అడగండి, బంజరు అన్న చోట ఎన్ని చింతచెట్లు ఉన్నాయో చెబుతాడు. వాడుకలో లేనిదని పటం చెప్పే భూమి మీదే ఊళ్లో భూమి లేనివాడి వాడుక అంతా ఉంటుంది.

మన కళ్ల ముందు జరిగినవే గుర్తు చేసుకుందాం. 2008-09లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు కట్టబెట్టారు. అసైన్డ్ భూములూ అందులో పోయాయి. చెప్పిన పరిశ్రమలు రాలేదు, కేసులు వచ్చాయి. అదే జిల్లాలో కదిరి అవతల ఎన్.పి.కుంటలో వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2016లో మొదటి దశ కరెంటు మొదలైంది. పట్టా కాగితం లేకుండా సాగు చేసుకుంటున్నవాళ్ల పరిహారం దగ్గర అక్కడ పెద్ద రగడే నడిచింది. సాగులో ఉన్నది నిజం, రికార్డులో లేనిదీ నిజం. ఈ రెండు నిజాల మధ్య రైతు నలిగిపోయాడు. అప్పుడు కాగితంతో జరిగినదే ఇప్పుడు పటంతో ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది. 2018లో మన రాష్ట్రం తెచ్చిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు దాని నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. సోలార్ పలకల ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలోనే లేవు. అంటే వేల ఎకరాలు కప్పేసే ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. అప్పుడు మనకు, కంపెనీకి మధ్య మిగిలేది పటం ఒక్కటే. ఆ పటం బీడు అంటే కథ ముగిసినట్టే.

నివేదికలోని రంగుల పేజీ

ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన ప్రాజెక్టులకైనా ఏమవుతోంది? గనులు, సిమెంటు, పెద్ద పరిశ్రమల నివేదికలో చుట్టూ పది కిలోమీటర్ల భూవినియోగ పటం ఉంటుంది. రంగురంగుల పేజీ. మన వాళ్లు ఉద్యోగాల గురించి, దుమ్ము గురించి మాట్లాడి వస్తారు. ఆ పేజీ ఎవరూ తెరవరు. అసలు కీలకం అక్కడే ఉంది.

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, పంచాయతీ కార్యాలయం లాంటి చోట్ల అందుబాటులో పెట్టాలి. సారాంశం తెలుగులో ఉండాలి. సభను వీడియో తీయాలి. రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. ఆ 30 రోజుల్లో సంఘం కార్యకర్తలు ఆ రంగుల పేజీ పట్టుకుని ఊరు తిరగాలి. చిత్రం ఏ నెలది? మా వంక ఉందా? ఎన్ని కుంటలు గీశారు, నేల మీద ఎన్ని ఉన్నాయి? నడుస్తున్న బోర్లు ఎన్ని రాశారు? మేత భూమిని ఏమన్నారు? ఒక్క కుంట తప్పిపోయినా సర్వే నంబరుతో సహా రాసి ఇవ్వాలి. ఆవేశంగా మాట్లాడిన గంట కన్నా సర్వే నంబరుతో రాసిన ఒక పేజీకి కోర్టులో బరువెక్కువ.

ఆకు కనబడుతుంది, కాయ కనబడదు

ఇక కరువు, పంట నష్టం. కేంద్రం 2016లో సవరించిన కరువు మార్గదర్శకాల్లో వర్షపాతంతో పాటు ఉపగ్రహం కొలిచే పచ్చదనం కూడా ఒక కొలత. ఆ పచ్చదనం ఎవరిది? మన బీళ్లలో సర్కారు తుమ్మ కరువులోనూ పచ్చగానే ఉంటుంది. పంటల్లో వేరుశనగ సంగతి ఇంకా విచిత్రం. ఊడలు దిగే సమయంలో బెట్ట కొట్టి, ఆ తర్వాత వాన పడితే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. పైనుంచి చూస్తే చేను నిండుగా ఉంటుంది. పెరికితే చెట్టుకు నాలుగు కాయలుండవు. కాయ భూమిలో ఉంటుంది. ఉపగ్రహానికి కనబడేది ఆకు.

ఫసల్ బీమాలో 2023 నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాకు ఉపగ్రహ సాంకేతికతను కొంత వాటాగా కలుపుతున్నారు. రేపు ఇదే వేరుశనగకు వస్తే, పెరికి చూసే పంటకోత ప్రయోగాలను తగ్గించి ఆకు పచ్చదనాన్ని నమ్ముకుంటే, అనంత రైతుకు బీమా అందదు. ఇప్పుడే చెబుతున్నాం: మెట్ట వేరుశనగకు చేలో పెరికి తూచిన లెక్కే చివరి లెక్క కావాలి.

కొలత సరైనదైతే హక్కు సరైనదా?

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే మనకు మంచి పాఠం. నూరేళ్ల తర్వాత డ్రోన్లు, రోవర్లతో సెంటీమీటర్ల లెక్కన కొలిచారు. ఆరు వేలకు పైగా గ్రామాల్లో పూర్తి చేశామన్నారు. చివరికి వచ్చినవి ఏమిటి? విస్తీర్ణం తగ్గిందన్న ఫిర్యాదులు, అన్నదమ్ములకూ పక్కవాళ్లకూ కలిపి ఒకే నంబరు ఇచ్చిన జాయింట్ ఎల్పీఎంలు. దాంతోపాటు 2022లో తెచ్చిన భూహక్కుల చట్టం, భూమి తగాదాలను సివిల్ కోర్టుల చేతిలోంచి తీసి అధికారి చేతిలో పెట్టబోయింది. రైతులు, న్యాయవాదులు ఎదురు తిరిగారు. 2024లో ఆ చట్టం రద్దయింది.

రోవర్ తప్పు కొలిచిందని కాదు. అది గట్టును కొలుస్తుంది. ఆ గట్టు ఎందుకు అక్కడుందో, ఎవరు ఎప్పుడు జరిపారో, పాలు పంచుకున్నప్పుడు పెద్దమనుషులు ఏం చెప్పారో దానికి తెలియదు. ఇవన్నీ ఊరికి తెలుసు. ఊరిని పక్కన పెట్టి కొలిస్తే కొలత ఎంత సన్నగా ఉంటే తగాదా అంత ముదురుతుంది.

పటాలు వద్దందామా?

మన సంఘంలో కొందరు మిత్రుల మాట ఇది. ఉపగ్రహం, డ్రోను అంటేనే కంపెనీల ఎత్తుగడ, దగ్గరికి రానీయకూడదు అంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. దారి మాత్రం తప్పు. మనం కళ్లు మూసుకుంటే పటం ఆగిపోదు. మనం లేకుండా తయారవుతుంది.

పైగా ఈ నేలను చదివే విద్య మన ప్రాంతానిదే. 1388లో పెనుకొండకు నీళ్లు లేవని ప్రతాప బుక్కరాయలు ఆజ్ఞాపిస్తే, సింగయ భట్టు అనే జలసూత్రధారి పెన్న నీటిని కల్లుడి దగ్గర మళ్లించి, సిరువెర చెరువు మీదుగా పెనుకొండకు కాలువ తెచ్చాడని శాసనం ఉంది. వాలు చూసి, నేల చూసి, ఏ ఊరి మీదుగా పోతే నీళ్లు నిలుస్తాయో లెక్క కట్టిన పని అది.

అంత దూరం ఎందుకు? 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల పథకం నడిచింది. అందులో మన ఉమ్మడి అనంతపురం కూడా ఉంది. 638 ఆవాసాల్లో రైతులే వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. బడి చదువు సరిగా లేని ఆడవాళ్లు, మగవాళ్లు ఆ లెక్కలు ఊరందరి ముందూ గోడ మీద రాశారు. లెక్క తమదైనప్పుడు నీళ్లు తక్కువ తాగే పంటలకు చాలామంది తమంతట తామే మారారు. సమాచారం పైనుంచి దిగితే అది ఉత్తర్వు అవుతుంది, ఊళ్లో పుడితే తెలివి అవుతుంది.

అతిగా నీళ్లు తోడేసిన ప్రాంతాల జాబితాలో హిందూపురం పేరు ఏళ్ల తరబడి కనబడుతూనే ఉంది. ఇక్కడి రైతు టెంకాయ తిప్పించి, అప్పు చేసి, బోరు మీద బోరు వేస్తాడు. మరోవైపు రాతి పగుళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నీళ్లు దొరికే అవకాశం ఉందో, ఎక్కడ ఇంకించాలో చూపే భూగర్భజల పటాలను ప్రభుత్వ డబ్బుతో ఎప్పుడో తయారు చేశారు. అవి రైతు సేవా కేంద్రం గోడ మీద ఎందుకు లేవు? భూమి తీసుకునే పటం గంటలో దొరుకుతుంది, బోరు నిలబెట్టే పటం పదేళ్లయినా ఊరు చేరదు. మన కోపం పటం మీద కాదు, ఈ తేడా మీద.

ఇంకో మాట. చెరువులు, మేత బీళ్లు ఊరి ఉమ్మడి ఆస్తులని, ఆక్రమణలు తొలగించి గ్రామసభలకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ధర్మవరం చెరువైనా, బుక్కపట్నం చెరువైనా, పేరు లేని కుంటైనా, హద్దు చూపే పటం మన చేతిలో ఉంటేనే ఆక్రమణదారును నిలదీయగలం.

మనం అడుగుతున్నవి

1. భూమి, నీరు, కరువు, బీమా మీద నిర్ణయానికి వాడే ప్రతి పటాన్ని సర్వే నంబర్లతో తెలుగులో గ్రామ సచివాలయం గోడ మీద పెట్టాలి. చిత్రం తేదీ, స్కేలు, తయారు చేసిన సంస్థ పేరు దాని మీద ఉండాలి.

2. గ్రామసభలో చదివి, అభ్యంతరాలు రాసుకుని, నేల మీద చూసి సరిచేశాకే ఆ పటం చెల్లాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ భూమినీ బంజరు పేరుతో భూబ్యాంకులో చేర్చకూడదు.

3. పటంలో సాగుదారు, కౌలుదారు, మేత దారి, కుంట, చింతతోపు కనబడాలి.

4. పెద్ద సోలార్, గాలి విద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ, సామాజిక ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేయాలి.

5. వేరుశనగ నష్టాన్ని పంటకోత ప్రయోగాలతోనే తేల్చాలి. కరువు తనిఖీల్లో రైతు ప్రతినిధులు ఉండాలి.

6. జాయింట్ ఎల్పీఎంలను రైతు చేతి నుంచి పైసా తీసుకోకుండా విడగొట్టాలి. నోటీసు లేకుండా ఎవరి విస్తీర్ణమూ మార్చకూడదు.

7. భూగర్భజల పటాలు ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉండాలి, వాటిని చదివి చెప్పే మనిషీ ఉండాలి.

అడగడంతో మన పని అయిపోదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డివిజన్ కమిటీలు ఈ ఎండాకాలం ఒక్కో ఊరు ఎంచుకోవాలి. ఒక పిల్లవాడి ఫోన్, ఒక గొర్రెల కాపరి, ఒక ముసలి నీరుగంటి, ఇద్దరు ఆడవాళ్లు ఉంటే చాలు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని వంక పొడవునా నడవండి. కుంట చుట్టూ నడవండి. మేత దారి నడవండి. గీత దానంతట అదే పడుతుంది. ఆ గీతను సర్వే నంబర్ల పటం మీద వేసి, గ్రామసభలో తీర్మానం చేయించి, ఒక కాపీ తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఎవరైనా తెర చూపించి ఇది బీడు అన్నప్పుడు, మన కాగితం మనం పరుద్దాం.